ఒకదానితో ఒకటి కలవని డబ్బాలు

మొన్న వంటగది అరలు కొలవడానికి వచ్చిన వడ్రంగి టేపు చుట్టి జేబులో వేసుకుంటూ, "డబ్బాలన్నీ ఒకే సైజువి తీసుకోండమ్మా. అరలకి అచ్చంగా సరిపోతయ్, చూట్టానికి కూడా నీటుగా ఉంటది" అని సలహా ఇచ్చి వెళ్ళాడు. మంచి సలహానే. గుంటూరులో ఈ కొత్త ఫ్లాటుకి మారిన దగ్గర్నుంచి మా వంటసామానంతా అట్టపెట్టెల్లోనే ఉంది. పొద్దున లేస్తే పోపుగింజల కోసం నేను, పంచదార కోసం మా వారు చెరో పెట్టెలో తలదూర్చి వెతుక్కుంటున్నాం. అయినా, సంచీ తీసుకుని బజారుకి బయల్దేరబోయినదాన్ని ఆగిపోయాను. డబ్బాలు కొనడమనే ఇంత చిన్న పనిని ఒక మనిషి ఎంత శ్రద్ధగా, లోపల ఎంత భయం పెట్టుకుని చేసిందో నేను దగ్గరుండి చూశాను. అది గుర్తొచ్చి, ఖాళీ అరల ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

మా మేనత్తది పొదిలి దాటి లోపలికి పోయే రోడ్డు మీద ఒక మెట్ట ఊరు. మామయ్య కొంత మిరప, కొంత పత్తి వేసేవాడు. పిల్లలు లేరు. నేను అప్పట్లో ఒంగోలులో టీచరుగా పనిచేసేదాన్ని. రెండు రోజులు సెలవు కలిసొస్తే బస్సెక్కి వాళ్ళింటికి వెళ్ళిపోయేదాన్ని. కాయలు కోసే రోజుల్లో ఆ ఇంటికి వెళ్ళాలంటే మాత్రం కాస్త గుండె ధైర్యం కావాలి. ఎండిన మిరపకాయలు బస్తాలకెత్తి వసారాలో నిలబెడితే, ఆ ఘాటుకి ఇంట్లో వాళ్ళు వరసబెట్టి తుమ్మేవాళ్ళు. మామయ్య తుమ్ము వీధి చివరికి వినపడేది. ఆయన ఇంట్లో ఉన్నాడో లేడో తెలుసుకోవాలంటే జనం తలుపు తట్టక్కర్లేదని అత్తయ్య నవ్వేది. అంత ఎర్రటి దుమ్ములోనూ ఆవిడ వంటగది మాత్రం మెరిసిపోతూ ఉండేది. గోడ బల్ల మీద స్టీలు డబ్బాలు ఒకే సైజువి, ఒకే రకానివి, మూతల మీద మామయ్య పేరు చుక్కలతో కొట్టించినవి, బడిపిల్లల్లా వరసగా నిలబడేవి. చింతపండు పెట్టి తోమి తోమి వాటిని అద్దాలు చేసింది. ఎవరన్నా పిలిస్తే కందిపప్పు డబ్బాలో మొహం చూసుకుని, బొట్టు సర్దుకుని వాకిట్లోకి వచ్చేది.

ఆ డబ్బాలో మొహం సరిగ్గా కనపడటం లేదని మొదట అనిపించినప్పుడు, తోమడం తక్కువైందనుకుంది. ఇంకా గట్టిగా తోమింది. ఒకరోజు మా ఇద్దరికీ టీ ఇచ్చింది. మామయ్య మామూలుగా తాగి గ్లాసు కింద పెట్టాడు. నేను ఒక్క గుక్క తాగి పెరట్లోకి పరిగెత్తాను. పంచదార బదులు ఉప్పు వేసింది. "నువ్వెట్టా తాగావయ్యా?" అని అత్తయ్య అడిగితే, "ఇచ్చావుగా, తాగా" అన్నాడు. ముగ్గురం కడుపు పట్టుకుని నవ్వాం. షుగరున్న సంగతి ఆవిడకి అంతకుముందే తెలుసు. మాత్రలు ఇచ్చారు కూడా. కానీ నొప్పీ జ్వరమూ లేని జబ్బుకి రోజూ మందు మింగడమంటే ఆవిడకి నమ్మకం కుదరలేదు. కాయ కోతలప్పుడు ఎటూ మర్చిపోయేది, కోతలయ్యాక మళ్ళీ మొదలుపెట్టాలన్న సంగతి కూడా మర్చిపోయేది.

తర్వాత జరిగినదానికి ఎవరూ నవ్వలేదు. పత్తి గింజల బస్తాలకి చీమలు పడుతున్నాయని మామయ్య చీమల మందు తెచ్చి, సొట్ట పడిందని అత్తయ్య పక్కన పడేసిన పాత స్టీలు డబ్బా ఒకటి తీసుకుని అందులో పోసి కొట్టంలో పెట్టాడు. పనికొచ్చిన ఆవిడ కొట్టం ఊడుస్తూ దాన్ని చూసి, ఇది వంటింటిది కదా, ఇక్కడికెందుకొచ్చిందనుకుని, తుడిచి మరీ తెచ్చి వరసలో పెట్టింది. తెల్లటి పొడి. అత్తయ్య దాన్ని బియ్యప్పిండి అనుకుంది. పళ్ళెంలో పోసి, నీళ్ళు చల్లి, రొట్టెకి కలుపుతూ కూర్చుంది. మిరపకాయల కాలంలో ఆ ఇంట్లో ఎవరి ముక్కూ పనిచేయదు. మంచినీళ్ళ కోసం పొలం నుంచి వచ్చిన మామయ్య గుమ్మంలో నిలబడి పళ్ళెం చూశాడు, పక్కనున్న డబ్బా చూశాడు. ఆ సొట్ట డబ్బాని గుర్తుపట్టి, ఒక్క అంగలో వచ్చి పళ్ళెం లాగేసుకున్నాడు. ఆవిడ చేతులు ఆయనే కుంకుడు రసంతో కడిగాడు. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ నేను ఆ వారం వెళ్ళేసరికి పొయ్యి వెలిగించి లేదు. "ఆయనకి పెట్టేదాన్ని అమ్మాయ్. వేడివేడిగా కూర్చోబెట్టి పెట్టేదాన్ని" అంది.

ఇద్దర్నీ గుంటూరు తీసుకెళ్ళాను. కళ్ళ డాక్టరు చాలాసేపు చూసి, లైటు ఆర్పి, కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. "షుగరు చాలా ఏళ్ళుగా ఉన్నట్టుందమ్మా. కంటి లోపల దెబ్బతింది. లేజర్ చేద్దాం. అది ఉన్న చూపు కొన్నాళ్ళు నిలబడటానికే. పోయింది మాత్రం రాదు."

"మొత్తం పోయిద్దా డాక్టరుగారూ?" అని అత్తయ్య అడిగింది.

ఆయన చీటీ రాస్తూ, "పోవచ్చమ్మా" అన్నాడు.

లేజరు చేయించుకోవడానికి కొన్నాళ్ళు తిరిగాం. చివరిసారి తిరిగొస్తుంటే బస్సు చిలకలూరిపేట దాటింది. అత్తయ్య కిటికీ పక్కన కూర్చుని బయటికి చూస్తోంది. ఆవిడకి ఎంత కనపడుతోందో మాకు తెలియదు. ఉన్నట్టుండి నా చెయ్యి పట్టుకుని, "ఒంగోల్లో స్టీలు కొట్టు ఎంతసేపు తీసుంటాడే?" అంది. మామయ్య ముందు సీటులోంచి వెనక్కి తిరిగి, "ఇప్పుడు స్టీలు కొట్టు ఎందుకే?" అన్నాడు. "డబ్బాలు కొనుక్కోవాలి. కాస్తన్నా కనపడతన్నప్పుడే ఆ పని అయిపోవాల" అంది.

కొట్టాయన మర్యాదస్తుడు. స్టూలు వేసి, సోడా తెప్పించి, అద్దాల బీరువాలోంచి సెట్టు మీద సెట్టు దించాడు. "ఇది తీసుకోండమ్మా, ఒకే డిజైను, అన్నీ ఒకదాంట్లో ఒకటి ఇమిడిపోతయ్." అత్తయ్య తల అడ్డంగా ఊపింది. "నాకు ఒకే డిజైను వద్దు నాయనా. ఒకదానితో ఒకటి కలవకూడదు. నువ్వు ఒక్కోటీ నా చేతికియ్యి" అని కళ్ళు మూసుకుంది. కొట్టాయనకి అర్థం కాలేదు. నేను పక్కకి పిలిచి చెప్పాను. ఆ తర్వాత ఆయన ఇంకేమీ అడగకుండా, వెనక గదిలో దుమ్ము పట్టినవి కూడా తెచ్చి తుడిచి ఇచ్చాడు. అత్తయ్య ఒక్కోదాన్నీ ఒళ్ళో పెట్టుకుని, అంచు చుట్టూ వేళ్ళు తిప్పి, మూత తీసి పెట్టి, బరువు చూసి, నిర్ణయించింది. పసుపుకి అరచేతిలో ఇమిడే బరిణె. ఉప్పుకి పింగాణీ జాడీ. పంచదారకి మర మూత తిరిగే ప్లాస్టిక్ డబ్బా. కందిపప్పుకి పైన పిడి ఉన్న క్యాను. బియ్యప్పిండికి నాలుగు మూలలూ చేతికి తగిలే అల్యూమినియం పెట్టె. కారానికి గాజు సీసా తీసుకోమని మామయ్య అన్నాడు. "పగిలితే పెంకులు యాడ ఏరుకుంటా?" అని కొయ్య డబ్బా తీసుకుంది. మధ్యలో ఒకసారి కళ్ళు తెరిచినప్పుడు, మూత మీద సన్నటి పువ్వుల చెక్కుడున్న డబ్బా ఒకటి కంటబడింది. దాన్ని మొహానికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. "బాగుందిగా, తీసుకో" అన్నాడు మామయ్య. కళ్ళు మూసుకుని మూత మీద వేలు రాసి చూసింది. పువ్వులు చేతికి అందినట్టు లేవు. "దేనికిలే" అని తిరిగి ఇచ్చేసింది.

మెరిసే పాత డబ్బాలన్నీ అటక మీదికి వెళ్ళాయి. కొత్తవి బల్ల మీద పెడితే, ఏ ఇద్దరూ ఒక ఊరివాళ్ళు కాని పెళ్ళివారిలా ఉన్నాయి. సంక్షేమ హాస్టలు వంటగది కూడా ఇంతకన్నా తీరుగా ఉంటదని ఆవిడే అంది. ఇక రోజూ సాధన. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆవిడ మామయ్య తువ్వాలుని కళ్ళకి కట్టుకుని బల్ల ముందు నిలబడేది. ఆయన పీట వేసుకుని కూర్చుని, ఇన్‌స్పెక్షనుకి వచ్చిన అధికారిలా గొంతు పెట్టి, "మెంతులు" అనేవాడు. ఆవిడ చెయ్యి బల్ల మీద పాకి, తడిమి, ఆగి, అందించేది. "మినప్పప్పు." అందించేది. ఒకసారి ఆయన చప్పుడు కాకుండా లేచి రెండు డబ్బాలు అటూ ఇటూ మార్చాడు. ఆవిడ తువ్వాలు తీయకుండానే, "జరిపావు. నీ మోకాళ్ళు కటుక్కుమన్నయ్" అంది. నేను ఆ ఇంట్లో చూసిన ఆఖరి సరదా రోజులు అవేనని ఇప్పుడు అనిపిస్తుంది.

ఆ చలికాలం అయ్యేలోపు చూపు పూర్తిగా పోయింది. "నిన్నటిదాకా వాకిలి తెల్లగా తెలిసేది. ఇయ్యాల అదీ లేదు" అని, ఊళ్ళో కరెంటు పోయిందని చెప్పినట్టు చెప్పింది. కానీ వంట ఆగలేదు. నూనె కాగిందో లేదో చప్పుడుని బట్టి, పప్పు ఉడికిందో లేదో గరిటె తిరిగే తీరుని బట్టి తెలుసుకునేది. డబ్బాల దగ్గర ఆవిడ చెయ్యి తడబడటం నేను చూడలేదు. నేను వెళ్ళినప్పుడల్లా గోంగూర పచ్చడి నూరి, వెల్లుల్లి పోపు పెట్టి, ముద్ద కలిపి నా చేతిలో పెట్టేది. ఊళ్ళో ఆడవాళ్ళు పనిగట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడి చూసేవాళ్ళు. రెండేళ్ళు అలా గడిచాయి. కష్టం రావలసింది వచ్చేసింది, ఆవిడ దాన్ని దాటేసింది అనుకున్నాను.

ఒక ఎండాకాలం సెలవుల్లో వెళ్ళాను. పోపు వేస్తూ అత్తయ్య బల్ల మీంచి బరిణె తీసి, చేతిలో అటూ ఇటూ తిప్పి, "ఇదేందమ్మాయ్?" అంది. వేళాకోళం అనుకుని, "నీ కొట్టు నాకేం తెలుసు" అన్నాను. ఆవిడ మళ్ళీ అదే గొంతుతో, "ఇదేందో చెప్పు" అంది. "పసుపు బరిణె అత్తయ్యా." ఆవిడ దాన్ని కింద పెట్టలేదు. అలాగే పట్టుకుని నిలబడింది. "వేళ్ళకి గుడ్డ చుట్టినట్టు ఉంటంది. కాళ్ళు ఎప్పుడో పోయినయ్ లే, చెప్పులు జారిపోయినా తెలవదు. చేతులకి రాకుండా ఉంటదేమో అనుకున్నా."

"మామయ్యకి చెప్పావా?"

"చెప్తే పొయ్యి దగ్గరికి రానిస్తాడా?"

ఒంగోలులో డాక్టరు వేళ్ళ చివర్లు సూదితో తాకి చూసి, ఇదీ షుగరు వల్లేనని, మాత్రలు వాడమని, పెద్దగా ఆశ పెట్టుకోవద్దని చెప్పాడు. అత్తయ్య ఈసారి మాత్రలు ఒక్క పూట కూడా మానలేదు. డబ్బాలు తడిమితే తెలియడం లేదు కాబట్టి, మూతలన్నీ తీసి వాసన చూడటం మొదలుపెట్టింది. కానీ పప్పులన్నిటిదీ ఒకటే వాసన, పిండ్లన్నిటిదీ ఒకటే వాసన. చిటికెడు నాలుక మీద వేసుకుని చూసేది. జాడీ మూత ఒకటి జారి పగిలింది. పంచదార డబ్బాకి చీమలు పట్టాయి. ఒక్క కూరకి పూట పట్టేది. అయినా ఎవర్నీ లోపలికి రానిచ్చేది కాదు.

ఒకరోజు పొద్దున ఆవిడ పొయ్యి దగ్గర నిలబడి, వసారాలో ఉన్న మామయ్యతో విత్తనాల సంగతేదో మాట్లాడుతోంది. ఆయన మాట్లాడుతూనే లోపలికి వచ్చాడు. ఆవిడ ఎడం చెయ్యి పొయ్యి మీది బాండీ అంచుని పట్టుకుని ఉంది. ఆవిడకి తెలియదు. మామయ్య కోప్పడలేదు. ఆ చేతిని నెమ్మదిగా తీసి, నీళ్ళలో పెట్టి, పొయ్యి కట్టేశాడు. "ఇంక చాల్లేవే" అన్నాడు.

అప్పట్నుంచి ఆయనే వండేవాడు. జన్మలో గరిటె పట్టని మనిషి. ఆ పైన ఆ డబ్బాలు ఆయనకి అసలు అర్థమయ్యేవి కావు. చేతికి తెలియాలని కొన్నవాటిలో లోపలేముందో కంటికి తెలియదు. కొన్నాళ్ళు మూతలు తీసి చూసి విసిగి, పొదిలి వెళ్ళి ప్లాస్టిక్ సీసాలు తెచ్చుకున్నాడు. సర్దుతున్నప్పుడు నేను అక్కడే ఉన్నాను. అత్తయ్య వసారాలో మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుని వింటోంది.

"కొత్తయి తెచ్చావా?" అంది.

"ఆఁ."

"లోపలుండేయి బయటికి కనపడతయ్యా?"

మామయ్య నాకేసి చూశాడు. "కనపడతయ్" అన్నాడు.

"మంచిదే. పాతయి కావాల్సినోళ్ళకి ఇచ్చెయ్. అడ్డం ఎందుకు" అని గోడ వైపుకి తిరిగి పడుకుంది.

ఆ తర్వాత ఆవిడ వంటింటి గురించి మాట్లాడటం నేను వినలేదు. ఏం వండావని అడగదు, ఉప్పు తక్కువైందని అనదు. కంచం పెడితే తింటుంది, తీస్తే ఊరుకుంటుంది. నేను గోంగూర కొనుక్కెళ్ళి ఎట్లా నూరాలో చెప్పమని అడిగితే, "నీకు తెలిసిందేగా" అంది. మరుసటి ఏడు మూత్రపిండాలు కూడా పాడయ్యాయన్నారు. ఎక్కువ కాలం మంచాన పడకుండానే పోయింది. మామయ్య పొలం కౌలుకిచ్చి, తన తమ్ముడింటికి వెళ్ళిపోయాడు. ఆయన కూడా ఇప్పుడు లేడు.

చూపు పోతుందని ముందే తెలుసుకుని, ఎదురెళ్ళి, ఒక్కో డబ్బా ఒళ్ళో పెట్టుకుని మరీ సిద్ధపడిన మనిషి మా అత్తయ్య. అంతగా సిద్ధపడినవాళ్ళని కాలం కాస్త దయగా చూస్తుందని ఆ రోజుల్లో నమ్మేదాన్ని. ఆవిడ వయసు దాటి వచ్చాక ఇప్పుడు తెలుస్తోంది, మనం ఎటువైపు కాపు కాసి కూర్చున్నామో చూసుకునే తీరిక కాలానికి ఉండదని.