లెఫ్ట్ హాఫ్‌ని దాచిపెట్టిన మూడు రోజులు

మద్రాసు ఫుట్‌బాల్ లీగు సెకండ్ డివిజన్‌లో నేను నాలుగేళ్ళు లెఫ్ట్ హాఫ్‌గా ఆడాను. లెఫ్ట్ హాఫ్ అంటే ఏమిటో తెలియనివాళ్ళు సిగ్గుపడక్కర్లేదు, మా ఆట చూడ్డానికి వచ్చినవాళ్ళకే తెలిసేది కాదు. ముందున్న ఫార్వర్డులు గోల్స్ కొట్టి పేరు తెచ్చుకుంటారు. వెనకున్న బ్యాకులు అడ్డంపడి పేరు తెచ్చుకుంటారు. మధ్యలో హాఫ్ అనేవాడు కాళ్ళకి గుడ్డపట్టీలు చుట్టుకుని అటూ ఇటూ పరిగెత్తి, బంతి దొరికితే ఎవడికో ఇచ్చేసి, దొరక్కపోతే అందరిచేతా తిట్లు తింటాడు. ఆ తిట్లలో నాకు వాటాదారు మా రైట్ హాఫ్. వాడిది మా పక్క వీధే. ఎప్పుడైనా పేపర్లో మా మ్యాచ్ గురించి నాలుగు లైన్లు పడితే, చివర్లో ‘మిగతావారు కూడా చక్కగా ఆడారు’ అని ఉండేది. ఆ ముక్క మా అమ్మకి చదివి వినిపించి, ఈ మిగతావారు నేనేనమ్మా అనేవాణ్ణి. నమ్మేది, పిచ్చితల్లి.

మాది చింతాద్రిపేట. నాన్న బళ్ళో తెలుగు మేష్టరు. ఆయన లెక్కలో బంతి తన్నేవాడికంటే గాడిద నయం, అది మూటలైనా మోస్తుంది. పందొమ్మిది వందల యాభైల నడుమ ఒక ఏడు ఆయన ఓపిక అయిపోయింది. నన్ను పిలిచి ఎదురుగా నిలబెట్టాడు.

“ఈ సీజను లోపల ఆ బంతి నీకు పర్మనెంటు ఉద్యోగం ఇప్పించిందా, సరి. లేదంటే నెల్లూరు పోయి మీ మేనమామ బియ్యం మిల్లులో కూచో. ఈడ తిని తిరిగింది చాలు.”

ఆయన అన్నదాంట్లో అన్యాయమేమీ లేదు. ఆట చూసి ఉద్యోగమిచ్చే ఆఫీసులూ ఫ్యాక్టరీలూ అప్పట్లో మద్రాసులో చాలానే ఉండేవి. వాళ్ళ టీములో చేరితే గుమాస్తా ఉద్యోగం, ప్రాక్టీసు పేరు చెప్పి సాయంత్రం పెందలాడే బయటపడొచ్చు. అంతకు మించిన స్వర్గం నేను కోరుకోలేదు. నెల్లూరు పోవడమంటే ఆటా పోయినట్టే, మద్రాసూ పోయినట్టే. తవుడు దుమ్ములో తుమ్ముతూ కూర్చున్న నన్ను నేను తలుచుకుంటే అన్నం సహించేది కాదు.

సీజనుకి ముందు సంతకాల వారం అని ఒకటి వచ్చేది. ఎవడు ఏ టీముకి ఆడతాడో ఫారం మీద సంతకం చెయ్యాలి. ఎన్ని ఫారాల మీద చేసినా, ఆఖరి రోజు సాయంత్రం అయిదింటిలోగా చేసిన చివరి సంతకమే చెల్లుతుంది. అందుకని టీములవాళ్ళు మంచి ఆటగాళ్ళ చేత సంతకం పెట్టించి, పరాయివాళ్ళు ఎత్తుకుపోకుండా ఎక్కడో దాచేసి, గడువు దాటాక వదిలేవాళ్ళు. అలా దాచబడడం ఒక హోదా. మా సెంటర్ ఫార్వర్డుని ఏటా దాచేవాళ్ళు. వాడు తిరిగొచ్చి, కోడికూర తిని తిని విసుగొచ్చిందిరా అని నీలిగేవాడు. నన్ను దాచాలన్న ఆలోచన ఎవడికీ కలలో కూడా రాలేదు.

మా టీము సెక్రటరీకి బట్టల కొట్టు ఉండేది, పెద్ద పెద్దవాళ్ళతో పరిచయాలుండేవి. నేను చెయ్యి జారిపోతానని ఆయనకి భయం పుడితే, ఎక్కడో ఒకచోట ఉద్యోగం వేయించి నన్ను నిలుపుకుంటాడని నా ఎత్తు. అందుకని ఒక కోత కోశాను.

“అన్నా, ఫస్ట్ డివిజన్ ఆఫీసు టీమువాళ్ళు నాకోసం తిరగతా ఉండారు.”

“నిజమా? ఎవురొచ్చినారు?”

“పేరు చెప్పొద్దన్నారన్నా.”

ఆ పెద్ద ఆఫీసు కథే ఇంట్లోనూ చెప్పాను. నాన్న హుఁ అని ఊరుకున్నాడు. అమ్మ మాత్రం దేవుడికి దీపం పెట్టింది.

సెక్రటరీకి భయం పుట్టిందిగానీ, నేననుకున్న దారిలో కాదు. మర్నాడే ఫారం మీద సంతకం పెట్టించుకుని, “ఇంటికి పోవద్దు. మీ అమ్మకి నేను చెప్తాలే. ఏమీ అడక్కుండా చుమ్మా రా నాతో” అని రెక్క పట్టుకుని రైలెక్కించాడు. ఊరి చివర తిరువొత్తియూరులో వాళ్ళ అక్క ఇంట్లో దింపి, వీధిలోకి తొంగిచూస్తే కాళ్ళు విరగ్గొడతానని చెప్పి చక్కా పోయాడు. ఉద్యోగం మాట అడుగుదామని నేను నోరు తెరిచేలోపే వీధి మలుపు తిరిగాడు.

ఆ అక్క నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసింది.

“నిన్నా ఎత్తుకపోతారంట?”

“అవునక్కా.”

“ఎవురబ్బా, కండ్లు లేనోళ్ళు! సరి, సరి, చుమ్మా కూచోనుంటే నడుము పట్టేస్తాది. ఆ పిండి కొంచెం రుబ్బు.”

కొంచెం అంటే, ఆ ఇంట్లో పదకొండు మంది. మూడు రోజులు పొద్దున పిండి రుబ్బాను, మధ్యాహ్నం నీళ్ళు తోడాను, సాయంత్రం వాళ్ళ పిల్లలకి ఎక్కాలు చెప్పాను. కోడి మొహం కూడా చూడలేదు. అయినా సిగ్గులేకుండా నా ఛాతీ పొంగింది. గుమ్మం దగ్గర అలికిడైతే చాలు, పరుగెత్తి తలుపు చాటుకి పోయేవాణ్ణి. వచ్చింది ప్రతిసారీ చేపలమ్మే ఆవిడే. నన్ను చూసి, ఈ పిల్లోడికి ఏమైనా గాలి సోకిందా అని ఆ అక్కని అడిగింది.

మూడో రోజు గడువు దాటింది. సెక్రటరీ వచ్చి, గెలిచామురా అని నా వీపు చరిచాడు. ఎవరి మీద గెలిచామో నాకు తెలుసు, ఆయనకి తెలియదు. ఇల్లు చేరేసరికి అమ్మ మొహం వెలిగిపోతోంది.

“వచ్చినావా నాయనా. పొద్దున ఒకాయన కార్లో వచ్చినాడు. తిరువొత్తియూరు ఫ్యాక్టరీ ఆయనంట. వాళ్ళ టీముకి హాఫ్ కావాలంట. రెండు మ్యాచుల్లో నీ ఆట చూసినారంట. ఉద్యోగం కాయితం చేతిలోనే పెట్టుకోనుండాడు.”

నేను పిండి రుబ్బిన ఇంటికి ఆ ఫ్యాక్టరీ కూతవేటు దూరం.

“నువ్వేం చెప్పినావమ్మా?”

“ఉన్నదే చెప్పినా. వాణ్ణి యాడనో దాచిపెట్టినారు, నాకు తెలీదు, అయినా మావాడికి ఇంతకంటే పెద్ద ఆఫీసులో అయిపోతా ఉందంట అన్నా. ఈ రోజే ఆఖరంట గదా, ఆయన ఉసూరుమని కారెక్కతా ఉండాడు. అప్పుడు మీ రైట్ హాఫ్ మతికొచ్చినాడు. తండ్రి లేని బిడ్డ, వెనక ముగ్గురు ఆడపిల్లలు. నేనే ఆయన కూడా పోయి వాళ్ళ ఇల్లు చూపించినా. వాడు సంతకం చేసేదాకా ఆడనే ఉండి వచ్చినా. మంచి పనే చేసినా గదా నాయనా?”

నేను అక్కడే గడప మీద కూలబడ్డాను. పెద్ద ఆఫీసూ లేదు, పాడూ లేదు, అంతా నేను కోసిన కోతేనని చెప్పేశాను. తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది. “అన్నం తిందువు రా” అని లోపలికి పోయింది.

మర్నాడు పొద్దున్నే రైట్ హాఫ్ మిఠాయి పొట్లంతో వచ్చాడు. వాడి మీద పీకలదాకా ఉక్రోషంగా ఉంది నాకు. వాడు అమ్మ కాళ్ళకి దణ్ణం పెట్టి లేచాడు. కళ్ళనిండా నీళ్ళు.

“వీడు చేరేది ఏ ఆఫీసులో పెద్దమ్మా? ఇప్పుడన్నా చెప్పొచ్చు గదా?”

వసారాలో నాన్న పేపరు చదువుతున్నాడు.

“వాడు ఆఫీసు వద్దనేసినాడు నాయనా” అంది అమ్మ, పొట్లం విప్పుతూ. “మా తమ్ముడు మిల్లులో తోడు లేక అగచాట్లు పడతా ఉండాడని, వాడే నెల్లూరు పోతానన్నాడు.”

నాన్న పేపరు దించాడు. కళ్ళజోడు తీసి, ఇన్నేళ్ళలో ఎన్నడూ లేనంత ప్రేమగా నావైపు చూశాడు. నేను పెరట్లోకి పోయి, నూతి పక్కన కూర్చుని ఏడ్చాను.