రోమన్ల మాటతో రేపల్లె వేదిక ఎక్కిన రోజు

తెనాలి నుంచి రేపల్లెకు నేరుగా రైలుంది. నేను మాత్రం ముందు బాపట్ల వెళ్లి, అక్కడి నుంచి బస్సులో రేపల్లె చేరాను. చుట్టుదారే, కానీ అక్కడి సూర్యలంక తీరంలో ఉండే నా స్నేహితురాలు రత్నాన్ని వెంట తీసుకెళ్లకుండా ఆ ప్రయాణం చేయలేను.

నా పేరు రజియా. తెనాలిలో జాకెట్లు కుట్టే దుకాణం నడుపుతాను. కంటి ఆపరేషన్ తర్వాత చూపు కుదుటపడ్డాక చదవడం అలవాటైంది. అప్పుడే గ్రంథాలయంలో ప్రాచీన రోమన్ల నీతి మీద ఒక తెలుగు పుస్తకం దొరికింది. అదృష్టం మన చేతిలో లేదు, మంచి నడవడి మన చేతిలోనే ఉంది; ముఖస్తుతి చేసేవాడు స్నేహితుడు కాడు. ఇలాంటి మాటలు చదువుతుంటే, ఎప్పటివాళ్లో వచ్చి నా మిషను పక్కన స్టూలు మీద కూర్చుని మాట్లాడుతున్నట్టు ఉండేది. దుకాణానికి వచ్చిన వాళ్లందరికీ చెప్పేదాన్ని. ఆ నోటా ఈ నోటా విని, రేపల్లెలోని పాఠకుల బృందం వారు తమ సభలో రోమన్ల స్నేహం గురించి మాట్లాడమని పిలిచారు.

"నువ్వా, మైకు ముందా? నోరు పెగలక నవ్వులపాలవుతావు" అన్నాడు మా అన్నయ్య.

ఆ భయం నాకూ ఉంది. అయినా ఒప్పుకున్నాను. నా ప్రసంగమంతా రత్నం గురించే. ఆమె ఎదుట చెప్పలేని మాట వేదిక మీద చెప్పదలచుకోలేదు.

పొద్దున్నే స్టేషను బయట ఇడ్లీ తిని ప్యాసింజర్ ఎక్కాను. జనరల్ టికెట్టే, ఆదివారం కావడంతో కిటికీ పక్కన చోటు దొరికింది. ఎదురుగా సంగం జాగర్లమూడి నుంచి వచ్చి తెనాలిలో రైలు మారిన పెద్దావిడ, ఒళ్లో కూరగాయల సంచి. నేను కాగితం పట్టుకుని గొణుక్కోవడం చూసి ఏంటని అడిగింది. చెప్పాను.

"రోమంటే పోపుగారుండే ఊరేగా?"

"ఆ ఊరేనండి. వీళ్లు అంతకు ముందోళ్లు."

"ఎప్పటోళ్లయితే ఏంటమ్మా, మంచీ చెడ్డా మారతాయా?" అని ఒక జామకాయ చేతిలో పెట్టింది.

పొన్నూరు దాటాక రెండు పక్కలా కోతకొచ్చిన వరి. గంటలోపే బాపట్ల. అక్కడి నుంచి సూర్యలంక షేర్ ఆటోలో వెళ్లాను. సముద్రం చూడాలనుకునే వారికి ఇదే సులువు దారి. పడవలు అప్పటికే వచ్చేశాయి. రత్నం చేపల బుట్టలు ఆటోలోకి ఎక్కించి, చేతులు కడుక్కుని వచ్చింది.

రత్నం నాకు జాకెట్టు వల్ల పరిచయమైంది. నా చూపు తగ్గుతున్న రోజుల్లో కుట్టు వంకర పోతోంది. పాత ఖాతాదారులు నన్ను నొప్పించలేక బాగుందనేవారు. కొందరు మెల్లగా రావడం మానేశారు. తెనాలిలో చుట్టాలింటికి వచ్చి జాకెట్టు కుట్టించుకున్న రత్నం మాత్రం మర్నాడే తిరిగొచ్చి, "అక్కా, జాకెట్టు చెయ్యి వంకరగా ఉంది. తప్పు నీ చేతిది కాదు, కంటిది. చూపించుకో" అంది. నాకు కోపం వచ్చింది. ఆమె పట్టు వదల్లేదు. ఆ వారంలోనే మళ్లీ వచ్చి నన్ను ఆసుపత్రికి తీసుకెళ్లింది.

ఇద్దరం తిరిగి బాపట్ల వచ్చి, చెరుకుపల్లి మీదుగా రేపల్లె వెళ్లే బస్సెక్కాక ఆమెకు ప్రసంగం చదివి వినిపించాను. కిటికీ లోంచి చూస్తూ చివరిదాకా విని, "బాలేదక్కా" అంది.

"ఏంటి బాలేనిది?"

"మొదట్లో అన్నీ పెద్ద పెద్ద మాటలు. అది నువ్వు కాదు. తర్వాతేమో నన్ను దేవతని చేసేశావు. ఆపరేషన్ రోజు నేను బయట బెంచీ మీద వణికిపోయాను. కన్ను పోతే నా వల్లేగదా అని. అది కూడా చెప్పు."

ఆ సంగతి నాకు అంతవరకూ తెలియదు. ఆమె చెయ్యి పట్టుకున్నాను. చెరుకుపల్లిలో బస్సు ఆగేసరికి కాగితం మొదటి సగం కొట్టేశాను.

రేపల్లెలో సభవారే భోజనం పెట్టారు. పప్పు, గోంగూర, పెరుగు. మూడింటికి సభ మొదలైంది. నాకు ముందు మాట్లాడిన విశ్రాంత అధ్యాపకుడు, రోమన్ల స్నేహాల్లో చాలావరకు పదవుల కోసం ఇచ్చిపుచ్చుకోవడమేనని చక్కగా వివరించారు. తర్వాత నా పేరు పిలిచారు.

మైకు పట్టుకున్నాను. "మాస్టారు చెప్పింది నిజమేనండి. అలాంటి స్నేహాలు ఎక్కువుండబట్టే, అసలైంది ఏదో వాళ్లు అంతగా వెతుక్కున్నారు. నాకది దొరికింది" అన్నాను. అక్కడి నుంచి మాట దానంతటదే వచ్చింది. వంకర జాకెట్టు, నా కోపం, ఆసుపత్రి బెంచీ, అన్నీ చెప్పాను. మంచితనమంటే భయం లేకపోవడం కాదనీ, వణుకుతూ కూడా వదలకుండా ఉండటమనీ అన్నాను.

వెనక వరుసలోంచి ఒక పెద్దాయన లేచారు. "నిజం చెబితే స్నేహం పోదా అమ్మా?"

"పోయేదైతే పోద్దండి. మాది పోలేదు. అదుగో, కూర్చుంది."

అందరూ వెనక్కి తిరిగారు. రత్నం సిగ్గుపడుతూ లేచి, "జాకెట్టు మళ్లీ కుట్టిచ్చిందండి. ఊరికే" అంది. నవ్వులు, ఆ వెంటే చప్పట్లు. ఆ అధ్యాపకుడు వేదిక మీదే లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నేను ఏడవకూడదనుకున్నాను గానీ ఏడ్చాను.

సాయంత్రం తెనాలి ప్యాసింజర్లో ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. రత్నం ఆ రాత్రి మా ఇంట్లో ఉండి పొద్దున్నే బాపట్ల వెళ్లేట్టు అనుకున్నాం. సభకు వచ్చిన ఒక టీచరమ్మ అదే పెట్టెలో ఎక్కి, వేమూరులో తమ ఊరి మహిళలకు కూడా ఈ మాటలు చెప్పాలని అడిగింది.

"వస్తుందండి, నేనూ వస్తా" అని నాకంటే ముందు రత్నమే మాటిచ్చేసింది.

భట్టిప్రోలు దాటాక పొలాల మీద ఎండ పసుపుపచ్చగా వాలింది. మంచిగా బతికేవాడికి ఎవరి మెప్పూ అక్కర్లేదని ఆ రోమన్లు నమ్మారు. నిజమే కావచ్చు. ఆ సాయంత్రం మాత్రం వచ్చిన మెప్పునంతా ఒళ్లో పెట్టుకుని, తల పైకెత్తుకుని మా ఊళ్లో దిగాను.