నెలాఖరు పిడికెడు

దెయ్యాల మాట ఎవరన్నా ఎత్తితే అరుగు దిగి వెళ్ళిపోయే రకం నేను. ఇప్పటికీ అంతే. నరసరావుపేటలో మా బజారున ఎవరినడిగినా చెబుతారు, తాయెత్తు కట్టించుకుని వచ్చిన వాళ్ళతో గంటలు గంటలు వాదించి, వాళ్ళ చేతనే విప్పించిన మనిషినని. బడికి పోలేదు. పత్తి మిల్లులో బోరాలు మోస్తూ, పొట్లాలు కట్టిన పాత పేపర్లు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. అంత కష్టపడి తెచ్చుకున్న బుద్ధిని ఏ మంత్రగాడి కాళ్ళ దగ్గరో పెట్టమంటే పెట్టను.

కాబట్టి ఇది దెయ్యం కథ అనుకుని ఎవరూ చదవొద్దు. మా వంటింట్లో జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. అర్థం మీకు తెలిస్తే మీరే చెప్పండి.

నా భార్య హనుమాయమ్మ పోయి కొన్నేళ్ళయింది. ఆమెకు ఒక అలవాటు ఉండేది. పొయ్యి వెలిగించి, వండుకునే బియ్యం కొలుచుకున్నాక, బియ్యం పాత్రలో మళ్ళీ చెయ్యి పెట్టి ఇంకొక పిడికెడు తీసేది. తీసి అలమరలో ఉన్న రేకు డబ్బాలో వేసి మూత పెట్టేది. చాలా ఇళ్ళలో ఉన్న పద్ధతే. కానీ ఈమె దానికి కట్టుబాట్లు పెట్టింది. డబ్బాలోకి ఊరికే తొంగి చూడకూడదు. ఎవరు వేశారో, ఎవరు తిన్నారో నోరెత్తి చెప్పకూడదు. పొయ్యి వెలగని రోజు తియ్యకూడదు. వాకిట్లోకి ఆకలని వచ్చినవాళ్ళకూ, జీతం అందని నెలాఖర్లో మాకూ ఆ డబ్బాయే దిక్కు.

"తీసేదీ మన బియ్యమే, తినేదీ మన బియ్యమే. ఇందులో లాభమేందే?" అని వాదించేవాణ్ణి.

"లాభం ఎవురడిగారు మావా, నెలాఖరు అడుగుద్ది గాని" అనేది.

ఆమె పోయాక ఆ డబ్బా ఖాళీగానే ఉండిపోయింది. అందులో నేను ఒక్క గింజ వెయ్యలేదు. ఈ సంగతి గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే తరవాత జరిగినదంతా దీని మీదే ఆధారపడి ఉంది.

ముందుగది అద్దెకిచ్చాను. వచ్చిన పిల్ల పేరు ఝాన్సీ, అచ్చంపేట పక్కన పల్లెటూరు. తల్లి మిరపకోతలకు పోయి చదివిస్తోంది. పిల్ల ఇక్కడ ల్యాబ్ టెక్నీషియన్ చదువు చదువుతూ, మిగతా వేళల్లో ఆసుపత్రుల బజారులో ఒక ల్యాబ్‌లో రక్తాలు తీసే పని చేసేది. వంటిల్లు ఇద్దరికీ ఒకటే. కుండలు వేరు, బియ్యం వేరు. నావి రేషన్ బియ్యం, లావువి. ఆ పిల్లవి కొట్లో కొన్న సన్నబియ్యం, చిన్న బస్తాలో.

మొదటి జీతం సగం నెలకే అయిపోయింది. రాత్రిళ్ళు పొయ్యి దగ్గరకు రావడం మానేసింది. అడిగితే "ల్యాబ్ కాడ తిన్నా తాతా" అనేది. ఆకలి కడుపు చెప్పే అబద్ధం నాకు తెలియనిదా? కూర్చోబెట్టి అడిగాను.

"జీతమెంతే?"

చెప్పింది.

"చేతిలో ఆ ఫోనెంతే?"

చెప్పింది.

"జీతం కంటే ఫోను ఎక్కువా! ఎవుడే నీకమ్మింది? కొట్టు చూపించు, నేను మాట్లాడతా."

"కిస్తీల మీద తీసుకున్నా తాతా. నెలనెలా కొంచెం కొంచెం కోసుకుంటారు."

"కోసుకోవటానికి నువ్వేమన్నా సొరకాయవటే!"

ఆ పిల్ల నవ్వింది గాని నాకు నవ్వు రాలేదు. ఇప్పటికీ రాదు. మా రోజుల్లో అప్పిచ్చేవాడు ఎంత దుర్మార్గుడైనా ఎదురుగా కూర్చోబెట్టి ముఖం చూసేవాడు. తీర్చగలవా అని అడిగేవాడు. ఇప్పుడు ఎవడూ అడగడు. మీసాలు రాని పిల్లలకు, నిన్నగాక మొన్న పనిలో చేరిన ఆడపిల్లలకు, నొక్కితే చాలు డబ్బు. వాళ్ళ జీతం వాళ్ళ కళ్ళకు కనపడకుండానే వచ్చి, కనపడకుండానే పోతుంది. కనపడని డబ్బును ఎవరు కాపాడుకోగలరు?

అందుకని హనుమాయమ్మ పోపుల డబ్బా తీసి ఇచ్చాను. జీతం పడగానే నోట్లు తెచ్చి అందులో గిన్నెలకు సర్దమన్నాను. జీలకర్ర గిన్నెలో అద్దె. ధనియాల గిన్నెలో అమ్మకు పంపేది. ఆవాల గిన్నెలో తిండి ఖర్చు. మెంతుల గిన్నెలో ఫోను కిస్తీ. చేదుది కాబట్టి అక్కడే ఉండాలని ఆ పిల్లే అంది. మధ్య గిన్నె కాలేజీ ఫీజుకు. డబ్బా ఎంత తోమినా వాసన పోలేదు. ఆ తరవాత నాకు అద్దె కింద వచ్చిన ప్రతి నోటూ జీలకర్ర వాసన వేసేది.

ఆ రోజే పిడికెడు సంగతి, దాని కట్టుబాట్లు కూడా చెప్పాను. మాటల్లో మాటగా చెప్పాను. చెయ్యమని అనలేదు.

అప్పటి నుంచి నా రేషన్ బియ్యం నెల చివరిదాకా రావడం మానేశాయి. నేను పగలు అన్నం, రాత్రి జొన్నరొట్టె తినే మనిషిని. ఏళ్ళ తరబడి సరిపోయిన బియ్యం ఇప్పుడెందుకు తగ్గుతాయి? డీలరు దగ్గరికి పోయి నలుగురిలో నిలదీశాను.

"ఏమయ్యా, నీ కాటాకి కూడా ఆకలేస్తోందా?"

"మిషను కాటా పెద్దాయనా, అంకె నీ ఎదురుగానే పడుద్ది. వయసొచ్చాక నీకే ఆకలెక్కువైందేమో సూసుకో" అన్నాడు. క్యూలో ఉన్నవాళ్ళు నవ్వారు. రెండో నెలా పోట్లాడాను, మూడో నెలా పోట్లాడాను.

అటు ఝాన్సీ కూడా ఒకరోజు బస్తా దులుపుతూ, "ఈమధ్య నేను చానా తింటన్నా తాతా. బియ్యం ఉండట్లా" అంది. తిండి పుష్టి పెరిగిందిలే అనుకున్నాను, సంతోషించాను.

ఇంతలో ఆఖరి పరీక్షలు వచ్చాయి. ఫీజు బాకీ మొత్తం కడితేనే హాల్ టికెట్ అన్నారు. కట్టకపోతే ఏడాది పోయినట్టే. ఏడాది పోతే చదువే పోయినట్టు, ఎందుకంటే తల్లి నడుము పడిపోయి ఈసారి కోతలకు కూతుర్ని రమ్మంటోంది. ల్యాబ్‌లో తోటి పిల్ల ఫోనులో అప్పు చూపించిందట. ఆధార్ పెడితే చాలు, అన్నం ఉడికేలోపు డబ్బు వస్తుందట. విని ఇల్లెగిరిపోయేలా అరిచాను.

అరవడానికేం, అరిచాను. నా దగ్గర మాత్రం ఏముంది? పింఛను మందులకు పోతుంది. ఆ నెల అద్దె వద్దన్నాను. అంతకు మించి నా చేతిలో లేదు.

ఆదివారం మధ్యాహ్నం వంటింట్లో పోపుల డబ్బా ముందేసుకుని కూర్చుంది. నోట్లు ఈ గిన్నెలోంచి ఆ గిన్నెలోకి, ఆ గిన్నెలోంచి ఈ గిన్నెలోకి మార్చింది. ఎన్నిసార్లు మార్చినా ఉన్నవే ఉంటాయి కదా.

"ఈ నెల తిండి ఒక్కటి లేకపోతే సరిపోద్ది తాతా" అంది. నవ్వుతూనే అంది. ఆ నవ్వు నేను చూడలేకపోయాను.

బస్తా దులిపితే గుప్పెడు కూడా రాలలేదు. లేచి అలమర దగ్గరికి వెళ్ళి రేకు డబ్బా మీద చెయ్యి వేసింది. అది ఖాళీదనే అనుకుంటున్నా, కట్టుబాటు ప్రకారం నేను తల పక్కకు తిప్పుకున్నాను. మూత తీసిన చప్పుడు వినపడింది. బియ్యం తీసిన చప్పుడు మాత్రం రాలేదు. తిరిగి చూస్తే ఆ పిల్ల చున్నీతో కళ్ళు తుడుచుకుంటోంది.

డబ్బా నిండుగా ఉంది.

ఓహో, ఇన్నాళ్ళూ చెప్పా పెట్టకుండా పిడికెడు తీస్తూ వచ్చిందన్నమాట, నా మాట మీద అంత గురి ఉందన్నమాట అని లోపల పొంగిపోయాను. పైకి ఏమీ అనలేదు. అనకూడదు గదా. మర్నాడు ఆవాల గిన్నెలోది మధ్య గిన్నెలో కలిపి ఫీజు కట్టేసింది. ఆ నెలంతా ఆ డబ్బాలో బియ్యమే వండుకుంది. అన్నం, గోంగూర పచ్చడి, ఖాసింబీ గోడ మీదుగా అందించిన పులుసు. ఖాసింబీ అంటే మా పక్కింటావిడ.

హాల్ టికెట్ చేతికొచ్చిన రోజు నేరుగా నా మంచం దగ్గరకు వచ్చి నిలబడింది.

"చెప్పకూడదన్నావు గాని, చెప్పకపోతే నా కడుపు ఉబ్బుద్ది తాతా. నువ్వు పోసిన బియ్యంతోనే నేను ఫీజు కట్టింది."

"నేనెక్కడ పోశానే? పోసింది నువ్వు గదా!"

"నేనా? నా బస్తాయే అయిపోతా ఉంటే నేనెక్కడ్నుంచి పోస్తా? లావువీ సన్నవీ కలిపి పోశావుగా. నాకోసం కొట్లో సన్నబియ్యం కొన్నావని ఆరోజు ఏడుపొచ్చింది నాకు."

"రెండు రకాలేందే?"

డబ్బా తెచ్చి, అడుగున మిగిలినవి చేటలో పోసింది. అద్దాలు పెట్టుకుని చూశాను. సగం నా రేషన్ బియ్యం. సగం ఆ పిల్ల సన్నబియ్యం. పైనుంచి ఊడిపడినవి కావు, మా ఇద్దరివీ మావే. నావి ఎందుకు తరిగాయో, ఆ పిల్లవి ఎందుకు తరిగాయో అప్పుడు తెలిసింది. ఎవరు తీశారో మాత్రం తెలియలేదు.

ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఆ పిల్ల అబద్ధమాడటం లేదు. నాకు మతిమరుపు అంటారా, మిల్లులో మొదటిరోజు మోసిన బోరా ఏ ఊరి పత్తో ఇప్పటికీ చెప్పగలను. పైగా హనుమాయమ్మ బతికున్నన్నాళ్ళూ బియ్యం పాత్రలో చెయ్యి పెట్టి ఎరగను. ఎలకలు తింటాయి గాని మూత తీసి దాచిపెట్టవు. దొంగ బయటికి మోసుకుపోతాడు గాని ఇంట్లోనే అలమరలో సర్దిపోడు.

ఖాసింబీని అడిగాను.

"నీ నోటికి భయపడి మీ వంటింట్లోకి పిల్లి కూడా రాదన్నా, నేనొస్తానా?" అంది. ఆగి, బట్టలు ఆరేస్తూ, చాలా మామూలుగా, "హనుమాయమ్మొదిన పిడికెడు తియ్యకుండా వండనిచ్చుద్దా ఏంది ఎవుర్నైనా" అంది. పిచ్చిమాటలు మాట్లాడొద్దని కసిరి వచ్చేశాను.

పరీక్షలయ్యాక తల్లిని చూడటానికి వెళుతూ ఝాన్సీ నన్నూ రమ్మంది. బయల్దేరే ముందు ఇద్దరి బియ్యాన్నీ పళ్ళెంతో చదును చేసి, డబ్బా తుడిచి, వంటింటికి తాళం వేసి తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాను. వాళ్ళ ఊళ్ళో కొన్నాళ్ళుండి, అమరావతి మీదుగా తిరిగొచ్చి తాళం తీశాం. చదును చెదరలేదు. డబ్బాలో గింజ లేదు.

"చూశావటే? ఏమీ లేదు!" అన్నాను గెలిచినవాడిలా.

"పొయ్యి వెలిగించలేదుగా తాతా" అంది ఝాన్సీ.



మర్నాడు పగటిపూట ఇద్దరం ఒకేసారి వండుకున్నాం. కొలుచుకున్నాక నా పాత్రా, ఆమె బస్తా నేనే మళ్ళీ చదును చేసి, వాటి ముందే పీట వేసుకుని కూర్చున్నాను. కన్ను తిప్పకూడదనుకున్నాను. నా అన్నం పొంగి పొయ్యి మీద పడింది. ఇద్దరం అటు లేచాం. మంట తగ్గించి, మూత పక్కకు జరిపి వెనక్కి తిరిగాం. అంతసేపే. చూస్తే రెండిట్లోనూ నడిమధ్య చిన్న గుంట. డబ్బాలో లావువీ సన్నవీ ఇన్ని బియ్యం.

నా పిడికిలి ఆ గుంటలో పెట్టి చూశాను. పట్టలేదు. ఝాన్సీ తను పెట్టి చూస్తానంది. వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. ప్రతిదీ తేల్చుకోవాలనే మనిషిని, అది తేల్చుకోబుద్ధి కాలేదు.

ఝాన్సీ పాసయింది. ఇప్పుడు మాచర్లలో ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో పని చేస్తోంది. పోపుల డబ్బా ఇచ్చి పంపాను. మెంతుల గిన్నె ఖాళీ అయిందని మొన్న ఫోనులో చెప్పింది. అదే ఫోనులో. కిస్తీలు తీరిపోయాయట. అక్కడ పిడికెడు తనే తీసుకుంటోందట.

"ఆడ డబ్బా చూశావా తాతా?" అని అడిగింది.

"తొంగి చూడకూడదే పిల్లా" అన్నాను.

చూడలేదు. ఒక్కడినే వండుకుంటున్నాను, ఒక్కడినే తింటున్నాను. నాకు ఏమీ కనపడలేదు, వినపడలేదు. దెయ్యాలున్నాయని నేను ఒప్పుకోను. జరిగినదానికి కారణం కూడా చెప్పలేను.

పోయిన నెల మళ్ళీ బియ్యం ముందే అయిపోయాయి. డీలరు అంతు చూద్దామని కండువా వేసుకుని కోపంగా బయల్దేరాను. గడప దాటబోతూ ఆగాను. వెనక్కి తిరిగి వంటింటి వైపు చూసి, కండువా తీసి మళ్ళీ కొయ్యకు తగిలించాను.