వియ్యంకుల దొప్పలో సారా

మా బాపుకు చక్కెర బీమారి అని తేలిన ఏడు మా ఇంట్లో బాపు మట్టుకు జొన్నరొట్టె, అన్నం, బెల్లం ఒక్కసారే బందయ్యాయి. అరవైల మొదట్లో సంగతి. మహబూబ్‌నగర్ దవాఖానలో డాక్టరు బాపు మూత్రాన్ని ఒక నీలి మందులో కలిపి కాస్తే అది ఇటుక రంగుకు తిరిగింది. మాంసం, గుడ్లు, ఆకుకూరలు, మజ్జిగ మాత్రమే తినమన్నాడు. మాకు గొర్రెల మంద ఉంది గానీ, అమ్ముకునే గొర్రెను ఇంట్లోకి కోయాలంటే అమ్మకు ప్రాణం ఒప్పేది కాదు. ఊళ్లో వాళ్లు మాత్రం, “గిసొంటి బీమారి మాకూ వస్తే బాగుండు” అని నవ్వేవాళ్లు. మేమంతా వేడి రొట్టె తుంచుకుంటుంటే బాపు గోడవైపు తిరిగి కూర్చునేవాడు. అది చూసిన నాకు వాళ్ల నవ్వు వింటే ఒళ్లు మండేది.

ఇంత పథ్యం చేసినా ఆయన చిక్కిపోతూనే ఉన్నాడు. మళ్లీ కాస్తే మళ్లీ అదే రంగు. ఏం తాగుతున్నావని డాక్టరు అడిగాడు.

బాపు గొప్పగా చెప్పాడు. “సారా ఎప్పుడో బంద్ చేసిన సారూ. అది బెల్లంతోని కాస్తరు గద. పొద్దుగాల ఈతకల్లే తాగుతున్న. చెట్టుది, సల్లగుంటది.”

సారా కుండలో బెల్లం వేయడం కళ్లారా చూసినవాళ్లం. కల్లు తీపిని మాత్రం ఎవరమూ తీపి కింద లెక్కపెట్టలేదు. రోజూ పొద్దున్నే ఆ కల్లు ముంత ఆయన చేతికి అందించింది నేనే.

డాక్టరు తల పట్టుకున్నాడు. “బెల్లం కుండలనే పులిసిపోతది. ఆవిరై దిగే సారాల తీపి ఉండదు. తీపి నీ కల్లుల ఉన్నది. రెండూ ఇడిస్తే మంచిది. ఇడువనంటే, తిన్నంక జరంత సారా, గంతే.”

కల్లు మానిన కొన్నాళ్లకు బాపు ముఖంలో కళ వచ్చింది. మళ్లీ మంద వెంట నడిచాడు. అప్పుడే నాకు కొల్లాపూర్ వైపు సంబంధం వచ్చింది. పిల్లవాడిని జాతరలో చూశాను. దాపరికం ఎందుకు, బాగా నచ్చాడు.

మాలో మాట ఖాయం కావాలంటే వియ్యంకులిద్దరూ ఒకే మోదుగాకు దొప్పలో కల్లు తాగాలి. తర్వాత అవతలి పెద్దలు పిల్ల తండ్రికి తలా ఒక దొప్ప అందిస్తారు. వద్దంటే పిల్లను ఇవ్వనన్నట్టే. బీమారి సంగతి ముందే చెబుదామని అమ్మ అంటే బాపు ఒప్పుకోలేదు. “రోగమున్న ఇల్లని ఎనుకకు పోతరు. ఒక్కనాటికి ఏం గాదు తియ్యి” అన్నాడు.

వాళ్లు వచ్చారు. భోజనాలయ్యాక ముంత వంచి దొప్ప నింపారు. బాపు చెయ్యి చాచాడు. పెళ్లికూతురు పెద్దల ముందు నోరెత్తకూడదు. గడప లోపల కూర్చున్న నేను లేచి వాళ్ల మధ్యకు వచ్చాను.

“మామా, మా బాపుకు చక్కెర బీమారి ఉన్నది. కల్లు ఆయనకు ఇసం. సారా పోస్తే జరంత తాగుతడు. కల్లే గావాలంటే, గీ సంబంధం నాకొద్దు.”

బాపు తల వంచుకున్నాడు. మా కాబోయే మామ దొప్ప కింద పెట్టాడు. వాళ్ల పెద్దమనిషి ఒకడు, “కల్లు లేకుంట మాటెట్ల ఖాయమైతది?” అని గొణిగాడు.

మూలన కూర్చున్న పిల్లవాడి అవ్వ నోట్లోంచి చుట్ట తీసింది. “తండ్రి పాణం కోసం పెండ్లే వద్దన్నది. రేపు నా మనుమనికి కష్టమొస్తే గిట్లనే అడ్డం నిలవడుతది. గిసొంటి పిల్ల మనకు ఇంకెక్కడ దొరుకుతది? సారా తెప్పియ్యుండ్రి” అంది.

దుకాణం నుంచి సారా వచ్చింది. దొప్ప అడుగు తడిసేంత పోసుకుని వియ్యంకులిద్దరూ తాగారు. మిగతా పెద్దలు దొప్పలు అందించలేదు, అవ్వ వాళ్లనే చూస్తూ ఉంది.

బాపు మూతి తుడుచుకుని, “బావా, పిల్లకు నోరెక్కువ. ముందే చెప్తున్న” అన్నాడు.

“సూసినం గద” అన్నాడు మామ.

గెలిచాను. ఊరంతా తిరిగి చెప్పుకోవాలనిపించింది. ఆ తర్వాత చుట్టాల్లో ఏ పెళ్లికి పోయినా, ఎవరు దొప్ప అందించినా, బాపు తల ఎత్తి అందరూ వినేట్టు చెప్పేవాడు. “నాకు చక్కెర బీమారి. కల్లు తాగ.”