పసుపు గీకిన సర్వే రాయి

కింద గొర్రెల మెడగంటలు ఒక్కసారిగా చెదిరాయి. ఉదయం ఎనిమిది గంటల నలభై నిమిషాలు. నా చేతిలో టిఫిన్ డబ్బా స్పూను. దానితో రాతి మీది పసుపు గీకుతున్నాను. తలెత్తి చూస్తే, మాకు దారి చెప్పిన గొర్రెలకాపరి మందను వదిలేసి ఊరివైపు పరుగెడుతున్నాడు. ఏదో తప్పు చేశామని అప్పుడే తెలిసింది.

పెళ్లికి ముందు నాలుగేళ్లు నేను సైనిక ఆసుపత్రిలో నర్సుగా చేశాను. సైన్యం కబుర్లు చెప్పమని అడిగేవాళ్లకు ఈ కొండ గురించే చెబుతాను. ఆసుపత్రిలో ప్రతి డ్యూటీకీ ముగిసే గంట ఉండేది. అమ్మ డ్యూటీకి లేదు. పిల్లలు నిద్రపోయాక రాస్తున్నాను, మధ్యమధ్య లేచి బాబు ఊపిరి చూసుకుంటూ.

కొత్తగా మండలాలు వచ్చిన ఏడాది. మార్చి, ఆదివారం. మా ఆయన మాచర్లలో సోషల్ మాస్టారు. పాత మ్యాపు పట్టుకుని కొండల మీది సర్వే రాళ్లు వెతకడం ఆయన సరదా. దిక్సూచి చూడటం నాకు బాగా వచ్చు గనక వెంట నేను. ఆరు గంటల బస్సు. ముప్పావు గంట ప్రయాణం, గంటన్నర నడక. సామాను: మ్యాపు, దిక్సూచి, లీటరు నీళ్లు, నాలుగు ఇడ్లీలు. మధ్యాహ్నం కాకముందే తిరిగి రావాలి. నాలుగేళ్ల పాపనూ ఏడు నెలల బాబునూ ఎదురింటి బీబమ్మక్క దగ్గర వదిలాను. బాబు సీసా నోట పెట్టనివ్వడు.

ఆ రాయి నడుమెత్తు దిమ్మె. నెత్తిన చెక్కిన వృత్తం, మధ్యలో చుక్క. ఆ చుక్క మీద పరికరం నిలిపి ఒకప్పుడు ఈ నేలంతా కొలిచారు. ఊరివాళ్లు దానికి పసుపు పూసి, బొట్లు పెట్టి, ఎర్రగుడ్డ కట్టారు. గుర్తు కనబడాలని గుడ్డ విప్పింది మా ఆయన. గీకింది నేను.

తొమ్మిదిన్నరకు పన్నెండు మంది కర్రలతో వచ్చారు. దిగడానికి ఉన్నది ఒకటే దారి. దానికి అడ్డంగా కూర్చున్నారు.

"నిధి కోసరం వచ్చార్రా మీరు?" తలపాగా పెద్దాయన అడిగాడు. "పోయినేడు కింద అమ్మోరి బండ పగలదీసింది మీరేనా?"

"నేను మాస్టార్నండీ. ఈ రాయి చూసిపోదామని..."

"రాయి చూట్టానికి బస్సెక్కొచ్చావా అయ్యోరా? మాచర్లలో రాళ్లకి కరువొచ్చిందా?"

అందరూ నవ్వారు. ఎవరూ లేవలేదు. సర్పంచి ఎవరి పెళ్లికో పోయాడు, చీకటి పడ్డాక వస్తాడు, అప్పటిదాకా కదలొద్దు. అదీ ఆజ్ఞ. మా మ్యాపు లాక్కున్నారు. దాని మీది గీతలు చూశాక వాళ్ల అనుమానం గట్టిపడింది.

పదిన్నరకు మేం ఎక్కాల్సిన బస్సు దుమ్ము కనిపించింది, పోయింది. పన్నెండుకు నీళ్లు అయిపోయాయి. గాలి లేదు. రాతి పక్కన నీడ జానెడు.

"పరుగెడితే?" గుసగుసగా అడిగాను.

"నాకు మోకాళ్ల నొప్పి, నీకు చీర," అన్నారాయన.

ఒంటిగంటకు రొమ్ములు గడ్డకట్టాయి. బాబు ఏడుపు అంతదూరం వినిపించదు. ఒంటికి మాత్రం తెలుస్తోంది. కొంగు కప్పుకున్నా జాకెట్టు తడిసింది.

రెండింటికి ఒక ముసలమ్మ పసుపు గిన్నెతో పైకి వచ్చింది. ఆ రాతికి రోజూ పూజ చేసేది ఆమేనట. రాతిని చూసి నన్ను కొట్టడానికి చెయ్యెత్తింది. జాకెట్టు చూసి ఆగింది.

"ఏమే, బిడ్డెంత?"

"ఏడు నెలలవ్వా."

"పొద్దున్నుంచి ఏం తాగాడు?"

నేను జాకెట్టు మీదికి కొంగు లాక్కున్నాను. ఆమె మగవాళ్ల వైపు తిరిగింది.

"ఒరేయ్, తవ్వుకునేవోడు బాలింతను ఎంటబెట్టుకొస్తాడంట్రా? చంటోణ్ణి ఇంటికాడ పడేసొచ్చి రాయి గీకింది. ఇది దొంగది కాదు, తిక్కది!"

"సర్పంచి రానీ పెద్దమ్మా," అన్నాడు పెద్దాయన.

"సర్పంచికి పాలొస్తయ్యా? మొహాలు అటు తిప్పండి!"

తిప్పారు.

"నువ్వు తీసింది నువ్వే పెట్టు," అంది నాతో. పసుపు పూశాను. బొట్లు పెట్టాను. గుడ్డ కట్టాను. "పాలు గూడా పిండు. నీ నొప్పి తగ్గుద్ది, సామీ చల్లబడతాడు."

రాతి నెత్తిన పిండాను, నా కొడుకు పాలు. చెక్కిన వృత్తం నిండింది. మధ్యలో చుక్క మునిగింది.

రెండూ నలభైకి దారి విడిచారు. మ్యాపు ఇవ్వలేదు. మేం అడగలేదు.

ఐదున్నరకు ఇల్లు చేరాం. బీబమ్మక్క చక్కెర నీళ్లలో దూది ముంచి నోట్లో పిండుతూ వచ్చిందట. బాబు గొంతు బొంగురుపోయింది. పాలు తాగుతూ తాగుతూ ఆగి, కళ్లు తెరిచి, నేను ఉన్నానా అని చూసుకున్నాడు.

వాడిప్పుడు గ్లాసుతో తాగుతున్నాడు. అందులో పాలు పోసినప్పుడల్లా నాకు ఆ వృత్తమే కనిపిస్తుంది. అంచుదాకా తెల్లగా, మధ్యలో కాళ్లాడిస్తున్న ఒక చీమ.

కొండ నుంచి వచ్చిన మర్నాడు పొద్దున తమ్ముడి పక్కన కూర్చుని పాప అడిగింది, "అమ్మా, రాయి దొరికిందా?"

"దొరికింది. దాన్ని చూసుకోవడానికి ఒక అవ్వ ఉంది. ఇక మేం వెళ్లక్కర్లేదు," అన్నాను.