గోపీ బల్లకు రబ్బరు

గోపీ పోయినాక ముందు గది షట్టరు ఎవరూ ఎత్తలేదు.

కల్లూరులో కొత్తగా లేచిన ఇళ్ల వరసలో అదొక చిన్న ఇల్లు. వెనక వంటిల్లు, పడక గది. ముందు రోడ్డుకు ఆనుకుని షట్టరు గది. ఆ గది నిండా ఒకటే వస్తువు, గోపీ తన చేతులతో కట్టిన, కర్రతో బంతులు కొట్టి ఆడే పూల్ బల్ల. బండల మిల్లులో పనిచేసేవాడు కాబట్టి బేతంచర్ల బండను నిండు పలకగా కోయించి, నునుపు పట్టించి తెచ్చుకున్నాడు. మూలల్లో, నడుమల్లో గుంతలు తొలిచి కింద చేపల వల ముక్కలు కట్టాడు. కర్నూలులో ఎవరో ఆట గది మూసేస్తుంటే బంతులు, కర్రలు సంపాదించాడు. అంతా అయింది. బంతి వచ్చి తగిలే అంచులకు రబ్బరు ఒకటే మిగిలింది. ఆ రబ్బరు చూసొస్తానని కోడుమూరు దోవన పోయిన సాయంత్రం బర్రె అడ్డమొచ్చి బండి పడింది.

అతని భార్య భువన వెనక తలుపు నుంచి ఆ గదిలోకి పోయి వస్తుండేది. ఏడవడానికి కాదు. ఏడుపు ఆమెకు కర్మల రోజు కూడా రాలేదు. చుట్టాలు ఆమె మొగం చూసి చూసి ఒకరి చెవిలో ఒకరు ఏదో చెప్పుకున్నారు. చెప్పుకుంటున్నారని ఆమెకు తెలుసు. అది కూడా గోడకవతల మాట మాదిరే వినిపించింది. కూరలో ఉప్పు పడిందో లేదో తెలిసేది కాదు. మామ నీళ్లు ఎక్కువ తాగితే ఉప్పెక్కువయిందని అనుకునేది. బల్ల మీద మిల్లుల తెల్ల దుమ్ము వాలుతుంది, తుడిచేది. పొద్దు వాలేసరికి మళ్లీ వాలుతుంది, మళ్లీ తుడిచేది.

మామ శాంతయ్య కోడుమూరులో గుంటమగ్గం మీద బతికిన మనిషి. పదహారేళ్ల వయసులో గుంటలోకి దిగినవాడు కళ్లు మసకబారేదాకా పైకి రాలేదని ఊళ్లో హాస్యమాడేవాళ్లు. చూపు తగ్గి పోగు కనబడనప్పుడు మగ్గం విప్పాడు. దాని కొయ్యలు కొడుకే అడిగి తీసుకున్నాడు. ఇప్పుడు ఆ బల్ల చట్రమంతా మగ్గం కొయ్యే. దాని మీద పరిచిన పచ్చగుడ్డ మగ్గం విప్పక ముందు శాంతయ్య నేసిన ఆఖరి గుడ్డ, బిగువుగా నేసి రంగు అద్దించింది. బల్ల దగ్గరికి పోయినప్పుడల్లా ఆయన కొయ్యను వేళ్లతో తాకి కళ్లకు అద్దుకుంటాడు. కాలు తగలనివ్వడు.

భువన అన్న వీరభద్ర పత్తికొండ నుంచి ఫోన్ చేశాడు. అతను టమాటా మండీలో ఉంటాడు, మాట గట్టిగా మాట్లాడటం అలవాటు.

"ఆదివారం వస్తాండా. సామాను కట్టుకో. ఆడ ఒక్కదానివి ఏం చేస్తావు?"

"మామ ఉండాడు గదన్నా."

"ఆయప్పకే ఇంకొకరు తోడు గావల్ల. మీ వదిన గూడా రమ్మంటాంది. మండీలో కాయ ఏరే పనుండాది, ఇంటి పట్టున ఉండొచ్చు."

వదిన చెడ్డది కాదు. ఆ ఇంట్లో తనకు చాప ఏ మూలన పరుస్తారో, పొద్దున ఎవరు లేవకముందు తను లేవాలో, ఏ గిన్నె ముట్టకూడదో భువన కళ్ల ముందే కనబడింది. తొమ్మిదో తరగతిలో బడి మానిపించినప్పటి నుంచీ ఎవరి ఇంట్లోనో ఎవరి పనో చేస్తూనే ఉంది. ఈ షట్టరు గది మాత్రం తనదీ గోపీదీ. ఆయన మిల్లుకు పోతే గదిలో తాను కూచోవాలని, డబ్బులిచ్చి ఆడేవాళ్లకు బంతులు తానే అందియ్యాలని ఇద్దరూ మాట్లాడుకున్నారు. లోపలంతా మొద్దుబారిపోయినా ఆ ఒక్క మాట అట్లే మిగిలింది, నోట్లో రాయి మాదిరి.

"ఆ బల్ల ఆడితే ఈడే ఉంటా అన్నా. ఆడకపోతే నీ యెంట వస్తా" అంది.

"బల్ల ఆడేదేందే తల్లీ!" అని నవ్వి, నవ్వింది తప్పని తోచి, "సరే, ఆదివారం చూస్తా" అని పెట్టేశాడు.

శాంతయ్య వసారాలో కూచుని అంతా విన్నాడు. మరుసటి రోజు పొద్దున్నే షట్టరు పైకి లేచిన చప్పుడుకు వీధిలో కుక్కలు మొరిగాయి.

"పాపా, చెప్పులేసుకో. లేవీ అంగడి కాడికి పోదాం" అన్నాడు.

లేవీది రోడ్డు మలుపులో పంచరు అంగడి. గోపీకి దోస్తు. పాత టైర్లు, ట్యూబులు, కారు తలుపుల రబ్బర్లు, ఏవంటే అవి కుప్పలు పోసి ఉంటాయి. శాంతయ్య వస్తుంటే లేచి నిలబడ్డాడు.

"దా శాంతయ్యన్నా. మళ్లీ మగ్గం ఏమన్నా పెడతాండావా? ట్యూబుల్తో నేస్తే లారీలకు కోకలు కట్టొచ్చు!"

"నీ అంగడికి ముందు ఒక తెర నేసిస్తాలే, ఈ కంపు బయటికి రాకుండా" అన్నాడు శాంతయ్య. "గోపీ బల్లకు రబ్బరు గావల్ల. మంచిది తీయి."

లేవీ మొగం మారింది. రకానికొక ముక్క తెచ్చి అరుగు మీద పరిచాడు. సైకిల్ ట్యూబు, లారీ నల్ల ట్యూబు, తలుపు రబ్బరు, ఎడ్లబండి టైరు చెక్కు. చివర్న లోపలి మేకుకు వేలాడుతున్న గోతం విప్పి, పౌడరు పూసి మడత పెట్టిన ఎర్ర ట్యూబుల్లో ఒకటి తీశాడు.

"ఇది మా నాయన కాలందన్నా. ఇట్లాంటి ట్యూబులు ఇప్పుడు రావు. పైన పగిలినట్టుంటాది గానీ లోపల గట్టిది. పిల్లోళ్లు ఉండేలుకని పీక్కొని పోతారని దాచినా."

శాంతయ్య అంగీ జేబులోంచి తన పాత నాడె తీశాడు. నూలు కండె ఒడిలో పెట్టుకుని మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే కొయ్య నాడె, కొసలకు ఇనుప మొన. దాన్ని ఒక్కో రబ్బరు మీద జానెడు ఎత్తు నుంచి వదిలాడు. ఎట్లా పడిందో వేలితో తడిమి చూశాడు. లేవీ తనకు తోచినట్టు ఒక బేరింగు గుండు తెచ్చి వేస్తున్నాడు. ఎర్ర ట్యూబు మీద వేస్తే గుండు టప్పున ఎగిరి అతని గడ్డానికి తగిలింది.

"అబ్బో! ఇది ఇంకా బతికే ఉండాది!"

"అది పనికిరాదు. తీసెయ్" అన్నాడు శాంతయ్య. నల్ల ట్యూబును మడతలు పెట్టి దాని మీద నాడె వదిలాడు. పడిన చోటే ఉండిపోయింది. ఆయన మొగంలో చానా రోజులకు వెలుతురు లాంటిది వచ్చింది. "ఇదీ రబ్బరంటే. చూడు, చప్పుడు గూడా తాగేసింది."

"ఆటకు అట్లాంటిది..." లేవీ నసిగాడు.

"లేవీ, నువ్వు గాలి కొట్టేటోడివి. తగిలి నిలబడేది ఏందో నాకు తెలుసు."

భువన పక్కన నిలబడి చూస్తోంది. గుండు ఎగిరినప్పుడు ఏదో జ్ఞాపకం కదిలింది. కదిలి, నోటిదాకా రాకుండానే సద్దుమణిగింది. ఈమధ్య ఆమెకు అన్నీ అట్లాగే ఉన్నాయి. మామ సంతోషంగా ఉన్నాడు కదా, పోనీ అనుకుంది. ట్యూబుల మూట నెత్తికెత్తుకుంది.

శనివారం దాకా మామ ఇల్లు కదల్లేదు. మగ్గం కొయ్య బద్దలకు నల్ల రబ్బరు పొరల మీద పొరలు వేసి పంచరు సొల్యూషన్‌తో అంటించాడు. చూపు ఆనకపోయినా వేళ్లతోనే కొలుస్తూ, ఒక పొరకు ఇంకో పొర వెంట్రుకంత తప్పకుండా. భువన కత్తిరించి ఇచ్చింది. పైన పచ్చగుడ్డ లాగి కుట్టింది. ఇద్దరూ మాట్లాడుకున్నది తక్కువ. ఒకసారి మాత్రం ఆయన, తనకు తానే చెప్పుకున్నట్టు అన్నాడు.

"నాడె పెట్టె కొసన మంచి రబ్బరు లేకుంటే నాడె తగిలి వెనక్కి దుంకుతాది పాపా. దుంకితే పోగు వదులైపోతాది. కోక అంచు చెడిపోతాది. నా బతుకంతా అది దుంకకుండా చూసుకున్యా."

ఆదివారం వీరభద్ర వచ్చాడు. ఒక బుట్టెడు టమాటాలు, వదిన పంపిన కారం పొడి. షట్టరు ఎత్తి ఉండటం చూసి ఆశ్చర్యపోయాడు. బల్ల చుట్టూ తిరిగి, "ఏం మామా, మీ మగ్గానికి ఉద్యోగం దొరికినట్టుండాదే" అన్నాడు. శాంతయ్య నవ్వాడు. లేవీ కూడా అంగడి వదిలి వచ్చాడు. అందరూ భువన వైపు చూశారు.

ఆమె తెల్ల బంతి పెట్టింది. గోపీ పట్టుకున్నట్టే కర్ర పట్టుకుని మెల్లగా కొట్టింది.

బంతి పచ్చగుడ్డ మీద చక్కగా దొర్లుకుంటూ పోయింది. అవతలి అంచుకు తగిలింది. నిలబడిపోయింది. అంచును అంటుకుని, ఇంకెక్కడికీ పోయే పని లేనట్టు.

"గట్టిగా కొట్టు" అన్నాడు లేవీ.

గట్టిగా కొట్టింది. దుబ్ మని ఒక మెత్తటి చప్పుడు. బెత్తెడు కూడా వెనక్కి రాలేదు. వీరభద్ర తను కర్ర తీసుకుని ఇంకా గట్టిగా కొట్టాడు. బంతి అంచు దగ్గర చచ్చినట్టు పడి ఉంది.

శాంతయ్య మాత్రం తల ఆడిస్తున్నాడు. "ఎంత బాగా నిలబడిందో చూడు" అన్నాడు, మనసులో ఏ కల్మషమూ లేకుండా.

వీరభద్ర కర్ర గోడకు ఆనించాడు. "పాపా, అన్నం పెట్టు. తిని బయల్దేరుదాం. మూడింటికి షేర్ ఆటో పట్టుకుంటే బస్సు అందుతాది."

భువన వంటింట్లోకి పోయి విస్తరి పరిచింది. చేతులు వాటి పని అవి చేసుకుంటున్నాయి. సంచీ సర్దేసింది, పెద్దగా ఏమీ లేదు. కోకలు, గోపీ ఫోటో, దువ్వెన. ఏ బాధా లేదు. దానికదే ముగిసిపోతోందని అనిపించింది.

అన్నం వడ్డిస్తుంటే, అంచుకు అతుక్కున్న ఆ బంతే కళ్ల ముందు ఉంది. అప్పుడు ఆ జ్ఞాపకం పూర్తిగా వచ్చింది. పెళ్లయిన కొత్తలో గోపీ ఆమెను కర్నూలులో ఒక ఆట గదికి తీసుకుపోయాడు. అంతా మగవాళ్లే. ఆమె సిగ్గుపడి వాకిట్లోనే నిలబడింది. గోపీ కొట్టిన బంతి అంచుకు తగిలి, తిరిగి వచ్చి, ఆడనే ఉన్న ఇంకో బంతిని గుంతలోకి తోసింది. ఆయన వెనక్కి తిరిగి కేకేశాడు. "చూస్తివా? అంచు ఉంచుకోదు, తిరిగిచ్చేస్తాది. ఆటంతా దాంట్లోనే ఉండాది!"

గంటె పక్కన పెట్టి ముందు గదికి వచ్చింది. మామ బల్ల పక్కన స్టూలు మీద కూచుని కొయ్యను నిమురుతున్నాడు.

"మామా."

"ఏం పాపా."

"ఇది ఊడబెరకల్ల." ఆయనకు ఎదురు చెప్పడం అదే మొదలు. "మగ్గానికి దుంకకూడదు. దీనికి దుంకల్ల మామా. బంతి పోయి తిరిగి రావల్ల. లేవీ అన్న పక్కన పెట్టినాడే, ఎర్రది... అదే రబ్బరు."

శాంతయ్య చెయ్యి కొయ్య మీదనే ఆగింది. వాకిట్లో నిలబడిన లేవీ నేల చూపులు చూస్తున్నాడు. ఆ నల్ల పొరలు ఒక్కొక్కటీ ఆయన ఎట్లా అంటించాడో భువనకు తెలుసు. అనకుండా ఉంటే బాగుండేదేమో అనిపించింది. సంచీ ఎట్లాగూ సర్దే ఉంది.

"ముందే చెప్పొచ్చు గదా" అన్నాడు ఆయన చివరికి. కోపంగా కాదు.

"అప్పుడు తోచలేదు మామా."

ఆయన బల్ల మీదికి వంగాడు. బంతి కనబడుతుందో లేదో గానీ చెయ్యి చాచి దాన్ని అంచు నుంచి వెనక్కి జరిపాడు. "నిలబెట్టేది ఒక్కటే నేర్చుకుంటి నేను" అన్నాడు. తర్వాత, "లేవీ, ఆ ఎర్రది తీసుకరాపో. ఒక పక్కకన్నా వేసి చూద్దాం. భద్రా, ఆ ఉలి ఇట్లివ్వప్పా" అన్నాడు.

"ఆటో మామా..."

"ఇంకో ఆటో వస్తాది."

వీరభద్ర ఏమనుకున్నాడో, చొక్కా చేతులు మడుచుకున్నాడు. ఉలి పెట్టి నల్ల రబ్బరు లేపుతుంటే అది రానంది. అంత బాగా అంటించాడు శాంతయ్య. "ఇంత గట్టిగా ఎందుకు అతికినావు మామా!" అని వీరభద్ర చెమట తుడుచుకుంటే, "నా పని అట్లే ఉంటాది" అన్నాడు ఆయన. లేవీ ఎర్ర ట్యూబులన్నీ గోతంతో సహా మోసుకొచ్చాడు. పగిలిన పై పొర గీకేశారు. భువన కత్తిరించింది. శాంతయ్య వేళ్లతో కొలిచి అంటించాడు. ఈసారి మధ్యలో ఆగి ఆమెను అడిగాడు, "ఎత్తు సరిపోయిందా? నువ్వు చూడు." బంతి నడుముకు కొంచెం పైన తగిలేట్టు ఉండాలని గోపీ అనేవాడు. బంతిని పక్కన పెట్టి వంగి చూసి, "ఇంకో పొర" అంది.

సొల్యూషన్ ఆరేదాకా అందరూ చల్లారిన అన్నం తిన్నారు. వీరభద్ర నీళ్లు అడిగి, మళ్లీ అడిగాడు. ఉప్పెక్కువయిందని భువనకు అర్థమైంది.

పొద్దు పడమటికి వాలినాక ఆమె మళ్లీ కర్ర పట్టుకుంది. గుడ్డ కుట్టలేదు, ఎర్ర రబ్బరు అట్లే కనబడుతోంది. కొట్టి, కర్ర ఎత్తకుండా, ఎడమ చెయ్యి బల్ల మీదనే ఉంచేసింది. బంతి పోయింది. తగిలింది. అదే దోవన గిర్రున తిరిగి వచ్చి, ఆనించి ఉన్న ఆమె వేళ్ల కణుపుల మీద కొట్టుకుంది.

"అమ్మా!" అంది భువన.

నొప్పి పుట్టింది. చెయ్యి నోట్లో పెట్టుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి, దెబ్బకే.

"తగిలిందా?" అంటూ శాంతయ్య గబగబా లేచాడు.

"తగిలింది మామా" అంది. "తిరిగొచ్చింది."

లేవీ చప్పట్లు కొట్టాడు. వీరభద్ర కాసేపు బల్లనూ చెల్లెలినీ చూశాడు. బుట్టలోని టమాటాలు వంటింట్లో నేల మీద కుమ్మరించి, ఖాళీ బుట్ట చేత పట్టుకుని వాకిట్లోకి వచ్చాడు.

"మూడు పక్కలు మిగిలినాయి గదా" అన్నాడు. "వచ్చే ఆదివారం వస్తా. ఆడేదానికి."

ఆటో దుమ్ము రేపుకుంటూ పోయింది. భువన గుడ్డ తీసుకుని బల్ల తుడవబోయింది. శాంతయ్య అప్పటికే రెండో బద్ద ముందు కూచుని, ఉలి మొన నల్ల రబ్బరు కింద దూర్చి, బలమంతా పెట్టి లేపుతున్నాడు.