ఎడమచేతి అతుకు

వీధి చివరి వెల్డింగ్ షాపాయన్ని అందరూ ఎడంచేతి మేస్త్రి అంటారు. ఎవరి దగ్గరా శిష్యరికం చేయలేదు. పాత గేట్లు విప్పి, మళ్లీ అతికి, చేతులు కాల్చుకుని పని పట్టుకున్నాడు. ఎడమచేత్తో అతుకుతాడు కాబట్టి ఆయన అతుకు మీద ఇనుము కరిగి గట్టిపడ్డ అలలు మిగతావాళ్ల పనికి ఎదురు దిక్కున తిరిగి ఉంటాయి. ఇంట్లో కిటికీ ఊచల దగ్గర్నుంచి మంచం కాళ్ల వరకు అన్నిటి మీదా ఆ అలలే. కూతురు పసితనంలో వాటి మీద వేలు పెట్టి జరుపుతూ ఆడుకునేది.

ఇప్పుడా పిల్ల కాలేజీకొచ్చింది. స్కేట్‌బోర్డు పిచ్చి. చక్రం వదులైనా, బిగుసుకున్నా తండ్రి ముందు పెట్టేది.

"మోకాళ్లు చూడు ఎలా ఉన్నాయో! నేలంటే అంత ప్రేమేమిటే తల్లీ?" అంటూ ఆయన బిగించి ఇచ్చేవాడు.

ఆ పిల్లకూ, స్నేహితులకూ బోర్డు ఆడుకునే చోటే దొరకదు. పార్కులో కాపలావాడు ఈల వేస్తాడు. బజారులో కొట్లవాళ్లు కసురుతారు. రోడ్డు మీద బస్సులు. మిగిలింది లైబ్రరీ ముందున్న పొడవాటి రాతి గట్టు. దాని అంచుకు ఇనుప యాంగిల్ పట్టీ ఉంది. బోర్డు దాని మీద జర్రున జారుతుంది.

ఒకరోజు మున్సిపల్ ఇంజినీరు షాపుకొచ్చాడు. లైబ్రరీ గట్టు మీద పిల్లలు జారకుండా ఇనుప ముక్కలు అతకాలట.

"పోయినసారి ఎవడో పెట్టినవి వారం తిరక్కుండా పీకేశారు మేస్త్రీ."

మేస్త్రి చెవికి ఆ మాటే ఎక్కింది. ఊడని అతుకు ఎలా ఉంటుందో చూపించాలనుకున్నాడు. ఒప్పుకున్నాడు.

ఆ రాత్రి అన్నం తింటూ కూతుర్ని అడిగాడు. "అసలు గట్టు మీద ఎలా జారతారే?"

ఆయన అలా అడగడం అదే మొదలు. పిల్ల మొహం వెలిగిపోయింది. చెంచాను బోర్డు చేసి, కంచం అంచు మీద జార్చి చూపించింది. బాగా జారడానికి అంచుకు కొవ్వొత్తి రాస్తారని చెప్పింది.

"ఎవరైనా ఇనుప ముక్కలు పెట్టినా, మధ్యలో మూరెడు ఖాళీ ఉంటే చాలు నాన్నా, ఎక్కి దిగేస్తాం. లైబ్రరీ గట్టయితే వెన్నే అనుకో!"

మేస్త్రి చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. తెల్లవారి వెళ్లి, జానెడుకో ముక్క చొప్పున గట్టు పొడవునా అతికేశాడు.

సాయంత్రం, అక్కడ మరిచిపోయిన కేబులు కోసం వెళ్లి రోడ్డు ఇవతలే ఆగిపోయాడు. పిల్లలంతా గట్టు చుట్టూ చేరారు. ఒకడి చేతిలో సుత్తి. కూతురు వంగి అతుకు మీద వేలు జరిపింది. తర్వాత ముక్కకూ ముక్కకూ మధ్య జాన వేసి చూసింది.

"సుత్తి లోపల పెట్టెయ్యరా. అది ఊడదు."

"నీకెలా తెలుసే?"

"నా మంచం కూడా ఈ చేత్తోనే చేశారు."

మేస్త్రి కేబులు తీసుకోకుండానే వెనక్కి తిరిగాడు.

ఇంట్లో ఆ పిల్ల అరుగు మీద కూర్చుని చక్రం తానే బిగించుకుంటోంది.

"ఇలా తే, నేను చూస్తాను."

"వద్దులే నాన్నా. నువ్వు బిగిస్తే ఇక కదలదు."

"ఏంటి, తండ్రీకూతుళ్ల నోళ్లకు తాళాలు పడ్డాయా?" అంది భార్య ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ. ఎవరూ నవ్వలేదు.

కొన్నాళ్లకు ఇంజినీరు మళ్లీ వచ్చాడు. "ఒక్క ముక్క కదిలితే ఒట్టు! పార్కు మెట్ల దగ్గర కూడా నువ్వే పెట్టాలయ్యా."

"చెయ్యి బాగోలేదు సార్." కూతురి సంగతి చెప్పడానికి నోరు రాలేదు. నిక్షేపంలాంటి చేతిని వెనక్కి పెట్టుకున్నాడు.

ఆ పని ఇంకెవరో చేశారు. తర్వాత ఒక రాత్రి కూతురు కంచం ముందు కూర్చుని తనంత తానే మాట్లాడింది.

"పార్కులో అతుకు మరీ దరిద్రం నాన్నా. రెండు దెబ్బలకే ఊడిపోయింది."

చెడ్డ పనిని ఆయన జన్మలో మెచ్చుకోలేదు. ఆ మాటకు మాత్రం ప్రాణం లేచివచ్చినట్టయింది. అంతలోనే సిగ్గేసి తల వంచుకున్నాడు.

"ఇంజినీరుతో చెయ్యి బాగోలేదన్నావట?" అడిగింది కూతురు.

"బాగానే ఉందే."

ఆ పిల్ల లేచి, బోర్డు తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన చక్రం బిగించి, రెండుసార్లు తిప్పి చూసి ఇచ్చాడు.

షాపుకు మాత్రం ఇప్పటికీ లైబ్రరీ వైపు నుంచి వెళ్లడు. చుట్టు తిరిగి వెళతాడు.